తొట్టి నీళ్ళతో కుప్పానికి

మదనపల్లెలో మొట్టమొదటి ప్లగ్ ఇన్ హైబ్రిడ్ కారు నాదే. ఇది చదివి ఎవరైనా పోట్లాటకు వస్తారేమో, ముందే సర్దుకుంటాను. మదనపల్లె అంతా తిరిగి చూసినవాణ్ణి కాను. మా వీధిలో మొదటిదని మాత్రం గట్టిగా చెప్పగలను. మా వీధి చిన్నది, కారుండే ఇళ్ళు రెండే. ఆ రెండో ఇంటాయన తన కారును టార్పాలిన్ కప్పి దాచుకున్నాడు, దాని రంగేమిటో ఆయనకే గుర్తుందో లేదో. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తే మేలు. కారు నాది కాదు, మా అల్లుడిది.

అల్లుడిది బెంగుళూరులో ఉద్యోగం. అక్కడ తన పైఅధికారి వాడి వదిలించుకున్న కారును ముచ్చటపడి కొన్నాడు. పేరులోనే ప్లగ్గున్న కారు అది. అతనుండే అపార్టుమెంటులో కార్లు నిలిపే చోట ప్లగ్గు మాత్రం లేదు. పెట్టించుకుంటానంటే, అందరి మీటరు మీద నీ కారుకు కరెంటా అని మిగతా ఇళ్ళవాళ్ళు ఒప్పుకోలేదు. అందుకని బెంగుళూరులో ఉన్నన్నాళ్ళూ దానికి ఒక్క పూట కూడా ఛార్జింగు దొరకలేదు. ఉత్త పెట్రోలు మీదే తిరిగింది. ఎండిపోయిన బ్యాటరీని కడుపులో మోసుకుంటూ తిరిగింది కాబట్టి మామూలు కారుకంటే ఎక్కువే తాగింది.

"మామా, ఇది తాగుబోతు కారు. మీ షెడ్డులో ప్లగ్గుంది కదా, కొన్నాళ్ళు మీరే తిప్పండి," అని తెచ్చి మా ఇంట్లో వదిలిపెట్టి బస్సెక్కి పోయినాడు.

పోతూ పోతూ కారు సంగతి చెప్పినాడు, నేను విన్నట్టు తలాడించినాను. దాని కథ నిజానికి పెద్దదేమీ కాదు. లోపల రెండు యంత్రాలు. ఒకటి బ్యాటరీతో తిరిగే కరెంటు మోటరు, ఇంకొకటి మామూలు పెట్రోలు ఇంజను. సాయంత్రం ఇంట్లో ప్లగ్గుకు తగిలిస్తే తెల్లవారేసరికి బ్యాటరీ నిండుతుంది. ఆ నిండిన బ్యాటరీతో మదనపల్లె నుంచి పుంగనూరు దాకా పోయి, ఇంకా కొంచెం దూరం పోవచ్చు. అంతే. తర్వాత ఇంజను అందుకుంటుంది. ఊర్లో అంగడికీ, చర్చికీ, ఆస్పత్రికీ తిరిగేవాడికి పెట్రోలుతో పనే పడదు. దూరం పోయేవాడు దారిలో ఆగిపోతాననే భయం పడక్కర్లేదు. ప్లగ్గు పెట్టని వాడికి మాత్రం ఇది దండగ. ఈ నాలుగు మాటలు ఇప్పుడు నింపాదిగా రాస్తున్నాను గానీ, ఆ రోజు నాకు అర్థమైంది ఒక్కటే. కారు చప్పుడు లేకుండా పోతుంది.

ఆ ఒక్కటే నాకు కావలసింది కూడా. మా ఆవిడకు కారు పడదు, బస్సు పడదు. పెట్రోలు వాసన, ఇంజను వణుకు, ఈ రెండూ కలిసినాయంటే కడుపు తిప్పుతుంది. మిషను ఆస్పత్రిలో నర్సుగా ఏండ్ల తరబడి పనిచేసింది, ఎవరి వాంతులకూ ముక్కు చిట్లించలేదు. తన వాంతిని మాత్రం ఆపుకోలేదు. కుప్పంలో వాళ్ళ అక్క ఉంది. అక్కకు కళ్ళలో నీటికాసులు. చూపు అంచులనుంచి మూసుకుంటూ వచ్చి, ఇప్పుడు సన్నటి గొట్టంలోనుంచి చూసినట్టు నడుమ కొంచెమే కనబడుతోంది. అది కూడా ఎన్నాళ్ళో ఉండదని డాక్టరు చెప్పినాడు. అక్క ఫోనులో ఆ సంగతి చెప్పినాక మా ఆవిడ వాకిట్లోకి పోయి కూర్చుంది.

"పోదాంలే, బస్సుంది కదా," అన్నాను.

"పోవాల. కానీ ఈ మొగంతో పోను."

"మొగానికేమైంది?"

"బస్సు దిగేతప్పటికి నా మొగం ఎట్లుంటాదో నీకు తెలవదా? పచ్చగా, పీక్కపోయి, తడిగుడ్డ నోటికడ్డం పెట్టుకోని. ఎప్పుడు పోయినా అట్లే పోయినా. తేరుకునేతప్పటికి తిరిగొచ్చే బస్సు. మా అక్క కండ్లల్లో మిగిలిపోయేది ఆ వాంతి మొగమేనా?"

జవాబు లేనప్పుడు నేను సాధారణంగా ఏదో ఒకటి పెంచి చెబుతాను. అప్పుడే కారు వచ్చింది.

కారు ముందుగా పరీక్షకు నిలిచింది టమోటా మార్కెట్టు పక్కనుండే టీ అంగడి ముందు. ఆ అంగడిలో కూర్చునేవాళ్ళంతా టమోటా మీద బతికేవాళ్ళే. నేను కారులో వచ్చి ఆగి, దిగి, ఇది హైబ్రిడ్డు అన్నాను. అనకుండా ఉండాల్సింది. మా ఊర్లో ఆ మాటకు ఒకటే అర్థం.

"హైబ్రిడ్డా సారూ? అట్లయితే తోలు మందం. పులుపుండదు," అన్నాడు మండీలో బాక్సులు లెక్కబెట్టే ఆయన, బానెట్టు మీద వేలితో కొట్టి చూసి.

"ఎన్ని కోతలొస్తాది?" పురుగుమందుల అంగడాయన అడిగినాడు.

"మందు ఎన్ని తూర్లు కొట్టాల? అది ముందు సెప్పు సారూ."

"దీని ఇత్తనం ఎత్తిపెట్టుకుంటే మళ్ళా మొలుస్తాదా, లేకుంటే ఏటేటా కంపెనీవోని కాడికే పోవాల్నా?"

"నాటు కారు పోయి హైబ్రిడ్ కారొచ్చె. ఇంక సారు ఇంట్లో సారుకు రుచుండదు."

మా వైపు చారును కూడా సారే అంటారు. నవ్వులు ఆగేదాకా టీ తాగినాను. నేను హైస్కూల్లో తెలుగు చెప్పినవాణ్ణి, మాట దగ్గర ఓడిపోవడం నాకు కష్టం. ఇంటికి పోతూ దారిపొడుగునా హైబ్రిడ్డుకు తెలుగు వెతికినాను. సంకర శకటం అని దొరికింది. ఇంట్లోకి అడుగుపెడుతూనే మా ఆవిడతో, "బయట సంకర శకటం నిలబడి ఉంది, చూడు," అన్నాను.

ఆమె వంటింట్లోనుంచి తొంగిచూసింది. "ఆ మాట చర్చి కాడ అనేవు. పాస్టరుగారు తిట్టనుకోని మొగం తిప్పుకుంటాడు."

శకటం పోయింది, కారే మిగిలింది. మర్నాడు మళ్ళీ టీ అంగడికి పోయినప్పుడు ఎగతాళికి ఎగతాళిగా నేనూ ఒకటి వదిలినాను. దీనికి పెట్రోలుతో పనే లేదు, కుప్పం పోయి మళ్ళీ రావచ్చు, అసలు ఇంజనే లేదు అన్నాను. ఎవరూ నమ్మలేదు కాబట్టి అక్కడ నష్టం లేదు. అదే మాట ఇంట్లో కూడా అన్నాను. నష్టం అక్కడ జరిగింది.

"ఇంజనే లేదా?" అంది మా ఆవిడ.

"లేదు."

"వాసన?"

"ఇంజనే లేకుంటే వాసన యాడినుంచి వస్తాదే?"

ఆమె చేతిలోని చేట పక్కన పెట్టింది. "అట్లయితే అక్కకు ఫోను చెయ్యి. వస్తాండామని సెప్పు," అంది. అంత తొందరగా నమ్ముతుందని నేను అనుకోలేదు.

కుప్పం పోవాలంటే ముందు బ్యాటరీ నిండాలి. నిండలేదు. కారుతో వచ్చిన తీగ మధ్యలో ఒక డబ్బా ఉంది. ప్లగ్గు పెట్టగానే అందులో ఎర్ర లైటు మిణుకు మిణుకుమంది. మొదట నేను అది ఛార్జింగు ఎక్కుతున్న గుర్తనుకుని సంతోషంగా నిద్రపోయినాను. పొద్దున చూస్తే బ్యాటరీ ఎట్లున్నది అట్లే ఉంది. కరెంటు పని చేసే ఆయన వచ్చి, మా షెడ్డులో ప్లగ్గుకు మూడో బొక్క అలంకారానికే ఉందని, దాని వెనక ఎర్తు తీగే లేదని చెప్పినాడు. మా ఇల్లు కట్టించింది నేనే. దగ్గరుండి ప్రతి ఇటుకా చూసుకున్నానని అప్పట్లో అందరికీ చెప్పుకునేవాణ్ణి.

షెడ్డు పక్కన గుంత తీసి, కడ్డీ దింపి, ఉప్పూ బొగ్గూ పోసి పూడ్చినారు. ఎండాకాలం అక్కడ తడి ఆరకూడదన్నారు. మా ఆవిడ రోజూ పొద్దున తులసికి పోసినంత శ్రద్ధగా ఆ గుంతకు ఒక చెంబు నీళ్ళు పోసేది. తులసి అన్నది నా పోలిక, మా ఇంట్లో తులసి లేదు. కరివేపాకు ఉంది. దానికి ఆమె అంత శ్రద్ధగా పొయ్యదు. మొలకే లేని చోట నీళ్ళెందుకు పోస్తున్నారని పక్కింటావిడ అడిగితే, "హైబ్రిడ్డు నాటినాం," అని చెప్పింది. లైటు ఎర్రదనం పోయి పచ్చగా నిలిచింది.

ఊర్లో రెండు మూడు సార్లు తిప్పి చూపించినాను. మొదటిసారి ఆమెకు చప్పుడు లేకపోయినా కడుపు తిరిగింది. తప్పు నాది. ఈ కారులో కాలు ఎత్తగానే అదే బ్రేకు పట్టినట్టు వెనక్కి లాగుతుంది, ఆ లాగుడుతో కొంత కరెంటు బ్యాటరీకి మళ్ళుతుంది. నేను జీపులు తోలిన కాలుతో తొక్కుతూ, ఎత్తుతూ, ఆమె తలను పెరుగు చిలికినట్టు చిలికినాను. జీపులు అని బహువచనం వాడినాను. ఒకే జీపు, అది కూడా స్కూలుది, గేటునుంచి షెడ్డుదాకా. కాలు నెమ్మదిగా ఎత్తడం నేర్చుకున్నాక ఆమె కిటికీలోనుంచి బయటికి చూడ్డం మొదలుపెట్టింది. కార్లో కూర్చుని ఆమె బయటికి చూడగా నేను చూడ్డం అదే మొదలు. అంతకుముందంతా కళ్ళు మూసుకునే కూర్చునేది.

బయలుదేరిన రోజు పొద్దున బ్యాటరీ నిండుగా ఉంది. అక్క కోసం చట్నీపొడి, జామకాయలు, పెండ్లిళ్ళకు ముందు అక్కాచెల్లెళ్ళిద్దరూ తీసుకున్న ఫోటో ఒకటి వెనక సీట్లో పెట్టింది. మంచి చీర కట్టింది. పౌడరు కూడా రాసుకుంది. వాంతి మొగానికి పౌడరు దండగని ఎన్నడూ రాసుకునేది కాదు.

ఊరు దాటినాము. చప్పుడు లేదు. రోడ్డు పక్కన టమోటా తోటల్లో కట్టెలు నాటి తాళ్ళు లాగుతున్నారు. ఆమె వాళ్ళను చూస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. అంతా ఇంత బాగా ఉన్నప్పుడు మనిషి నోరూ కాలూ అదుపులో పెట్టుకోవాలి. నా ముందు ఒక టమోటా లారీ పోతోంది, ఎత్తు రోడ్డు, మెల్లగా ఎక్కుతోంది. దాన్ని దాటుదామని పెడలును అడుగుదాకా తొక్కినాను. అంత బలంగా తొక్కితే బ్యాటరీ ఒక్కటే చాలదు, కారు తనంతట తానే ఇంజనును లేపుతుంది. అల్లుడు చెప్పినప్పుడు తలాడించిన సంగతుల్లో ఇదొకటి.

గుర్రుమంది.

"ఏమండీ, ఏందది?"

"లారీ," అన్నాను.

లారీని దాటినాము. గుర్రు ఆగలేదు.

"లారీ ఎనకబడె కదా."

"ఏసీ ఫ్యాను."

ఆమె చెయ్యి చాపి ఏసీ ఆపింది. గుర్రు ఉంది. తర్వాత, నేను కాలు వదిలినాక, దానంతటది ఆగిపోయింది. ఆ ఆగిపోవడం చప్పుడుకంటే పెద్దగా వినిపించింది.

మా ఆవిడ నన్ను రెండు రకాలుగా పిలుస్తుంది. ఏమండీ అంటే లోకం సవ్యంగా ఉందని. ఏమప్పా అంటే నేను జాగ్రత్త పడాలని.

"ఏమప్పా, కారు నిలుపు."

పుంగనూరు ఇంకా రాలేదు. రోడ్డు కింద వాన నీళ్ళు పోయే ఒక మోరీ పక్కన నిలిపినాను. ఆమె దిగి మోరీ గట్టు మీద కూర్చుంది. చెంగుతో మొగం తుడుచుకుంది, పౌడరు చెంగుకొచ్చింది. వాంతి కాలేదు గానీ అయ్యేటట్టే ఉంది. నేను నీళ్ళ సీసా తీసుకుని ఎదురుగా నిలబడినాను.

"దీంట్లో ఇంజనుండాదా, లేదా?"

"ఉండాది."

"మరి లేదంటివి."

"జాస్తిగా చెప్పినా."

"ఎంత జాస్తి?"

"బ్యాటరీ పుంగనూరు దాటి కొంచెం దూరం. ఆడినుంచి కుప్పం దాకా అంతా ఇంజనే."

ఆమె రోడ్డు వైపు చూసింది, మేము వచ్చిన వైపు. "తిప్పు. ఇంటికి పోదాం. అక్కకు నేను సెప్పుకుంటాలే," అంది. గొంతులో కోపం లేదు. దానికి కోపమే నయం. కుప్పంలో ఆమె అక్క పొద్దుననుంచే వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటుందని మా ఇద్దరికీ తెలుసు.

పక్కనే చేనులో ఎవరో మోటరు వేసినారు. గొట్టంలోంచి నీళ్ళు తొట్టిలో పడుతున్నాయి. ఆమె దానివైపు తిరిగి కూర్చుంది. నన్ను చూడకుండానే అడిగింది.

"ఇప్పుడు బ్యాటరీ ఎంతుండాది?"

"సగం పైన."

"యాడ అయిపోతాది?"

"పలమనేరు రాకముందే."

"నాకు కడుపు తిప్పేది యాడ?"

ఆ సంగతి నాకు బాగా తెలుసు. పలమనేరు ఊర్లో స్పీడు బ్రేకర్లు, ఆటోలు, ఆగడం పోవడం. అది దాటినాక అడవి మలుపులు. ఏ బస్సులోనైనా ఆమె ఓడిపోయేది అక్కడే. పలమనేరు దాకా తిన్నని రోడ్డు మీద కిటికీ తెరుచుకుంటే ఎట్లో తట్టుకునేది.

"పలమనేరు కాన్నించి," అన్నాను.

"తట్టుకోగలిగే కాడంతా కరెంటు పోసేసి, తట్టుకోలేని కాడికి ఇంజను పెడతావా? ఇదేం సేద్యమప్పా?"

వాళ్ళ నాయన సదుంలో ఒక రైతు బావి దగ్గర పని చేసేవాడు. భూమి లేదు, మోటరు కాపలా, నారుమడి పని. ఆ బావికి కరెంటు మోటరూ ఉండేది, ఆయిలింజనూ ఉండేది. కరెంటు ఉన్నప్పుడు మోటరు వేసి రాతి తొట్టి నింపిపెట్టేవాడు. తర్వాత కరెంటు పోయినా పోకపోయినా తొట్టి మాత్రం ఊరికే వదిలేవాడు కాదు. ఇంజను నీళ్ళు ఉరుకుతూ వస్తాయి, లేత నారు వేర్లు బయటపడతాయి. కాబట్టి చేనుకు ఇంజను, నారుకు తొట్టి. ఇద్దరు కూతుళ్ళూ సాయంత్రం తొట్టికాడ కూర్చుని, గుడ్డ చుట్టిన కట్టె బిరడాను కొంచెం కొంచెం తీస్తూ నారుకు నీళ్ళు వదిలేవాళ్ళు. ఇదంతా ఆమె మోరీ మీద కూర్చుని చెప్పింది. పెండ్లయి ఇన్నేండ్లకు కూడా నేను ఈ తొట్టి మాట విననే లేదు. విన్నానేమో, తలాడించి ఉంటాను.

"దీనికి బిరడా లేదా?" అని అడిగింది.

"దేనికి?"

"బ్యాటరీకప్పా. ఉండే నీళ్ళు ఉండేటట్టే మూసిపెట్టేదానికి."

లేదు అనబోయి ఆగినాను. గేరు పక్కన ఒక మీట ఉంది, దాని మీద సేవ్ అని రాసి ఉంది. నేను దాన్ని రేడియోలో పాటలు దాచుకునే మీట అనుకున్నాను. నేనొక్కణ్ణే తిరిగేటప్పుడు ఒకట్రెండు సార్లు మంచి పాట వస్తే నొక్కినాను కూడా. పాట మళ్ళీ దొరకలేదు, పైగా ఇంజను లేచింది, ఎందుకో అర్థం కాలేదు. ఈ ముక్క ఆమెకు చెప్పినాను. ఇంకా దాచి ఉపయోగం లేదనిపించింది.

ఆమె నవ్వలేదు. మూతి మాత్రం కొంచెం కదిలింది. "నొక్కు," అంది, లేచి వచ్చి సీట్లో కూర్చుంటూ. "నొక్కేముందు సెప్పు. మా నాయిన ఇంజను తిప్పేముందు అరిచి సెప్పేవాడు, పిల్లోళ్ళు ఉలిక్కిపడకుండా. సెప్పి వేస్తే తట్టుకుంటా. సెప్పకుండా వేస్తే తట్టుకోలేను."

"ఇంజను వేస్తాండా," అన్నాను.

"వెయ్యి."

వేసినాను. బ్యాటరీ అంకె నిలిచిపోయింది. ఆమె కిటికీ దించి, ప్రయాణాలకు వెంట పెట్టుకునే నిమ్మకాయ వాసన చూస్తూ, దూరంగా కొండల వైపు చూపు నిలిపి కూర్చుంది. పుంగనూరు ఊర్లోకి వచ్చేటప్పుడు, "తొట్టి తీస్తాండా," అన్నాను. ఊరు దాటినాక, "మూస్తాండా, ఇంజను వేస్తాండా." ఇంజనుతోనే బ్యాటరీని నింపే మీట ఇంకొకటి ఉంది. అది కూడా ఆ రోజే కనిపెట్టి, నింపుదామా అని ఉత్సాహంగా అడిగినాను.

"నూనె కాల్చి తొట్టి నింపుతావా? మా నాయిన ఎన్నడూ ఆ పని చెయ్యలా," అంది.

అది నిజమే. పెట్రోలు కాల్చి కరెంటు చేసి, ఆ కరెంటుతో మళ్ళీ బండి తోలడంలో మధ్యలో కొంత ఆవిరైపోతుంది. ఆ మీట జోలికి పోలేదు.

పలమనేరు వచ్చింది. తొట్టి తీసినాను. ఆటోల మధ్య, స్పీడు బ్రేకర్ల మీద, చప్పుడు లేకుండా, కాలు నెమ్మదిగా ఎత్తుతూ పోయినాను. ఆమె కళ్ళు మూసుకోలేదు. ఊరు దాటి అడవి మొదలైంది. ఏనుగులు తిరిగే చోటు అని బోర్డులు. మొదటి మలుపు, రెండో మలుపు. నేను ఆమె వైపు చూడలేదు, అంకె వైపు చూసినాను. అది తగ్గుతోంది. ఒక పల్లంలో కాలు ఎత్తినాను, అంకె ఒకటి పెరిగింది.

"నీళ్ళు ఊరతాండాయే," అన్నాను.

"ముందు రోడ్డు సూడు."

ఆ దారిలో నాకు ఏనుగు అడ్డం వచ్చిందని తర్వాత టీ అంగడిలో చెప్పినాను. రాలేదు. ఒక ఎనుము వచ్చింది. ఇంజను చప్పుడు లేదు కాబట్టి దానికి మేము వచ్చింది తెలియలేదు, మా కారు మూతికి దాని తోక తగిలేదాకా కదలలేదు. హారను కొట్టినాను. మా ఆవిడ నవ్వింది. అడవి మలుపుల మధ్య ఆమె నవ్వగా వినడం నాకు కొత్త. దాన్ని పెంచి చెప్పే అవసరం ఇప్పటికీ కలగలేదు.

మలుపులన్నీ దాటినాము. కుప్పం ఇంకా కొంత దూరముండగా తొట్టి అడుగంటింది. అంకె సున్నాకు దగ్గరపడింది. కారులో పెట్రోలు నిండుగా ఉంది, ఆగిపోయే భయం లేదు. భయమంతా వేరే. ఇంత దూరం వచ్చి చివర్లో మొగం పాడైపోతుందేమోనని.

"అయిపోతాండాది. ఇంజను వస్తాది," అన్నాను.

"రానీ. యాడికొచ్చినాం?"

"దగ్గరికి."

"అట్లయితే మెల్లగా పోనీ."

ఇంజను లేచింది. ఆమె తల పైనుండే చిన్న అద్దం దించి మొగం చూసుకుని, చెంగుతో ముక్కు పక్కన అద్దుకుంది. సంచిలోనుంచి పౌడరు డబ్బా తీసి మళ్ళీ రాసుకుంది.

వాళ్ళ అక్క వాకిట్లోనే ఉంది. కుర్చీలో కాదు, గడప మీద. ఇంజను చప్పుడు విని లేచింది, కానీ కారు ఎటు ఆగిందో తెలియక వేరే వైపు చూస్తోంది. మా ఆవిడ దిగి ఎదురుగా పోయి నిలబడింది. అక్క రెండు చేతులతో చెల్లెలి మొగం పట్టుకుంది. కనబడే ఆ సన్నటి గొట్టంలోకి మొగం వచ్చేదాకా తలను ఇటూ అటూ తిప్పింది. నుదురు చూసింది, తర్వాత ఒక కన్ను, తర్వాత ఇంకో కన్ను, మూతి. ఒక్కొక్కటీ విడివిడిగా.

"మే, నువ్వేనా?" అంది.

"నేనేక్కా."

"ఎప్పుడూ పిండేసిన నిమ్మకాయ మాదిరొస్తాంటివి. నీ మొగం ఇట్లుంటాదని మర్సేపోయినా."

మా ఆవిడ అక్క మణికట్లు పట్టుకుంది.

"హైబ్రిడ్ కారంట కదమ్మే? మీ ఆయన ఫోన్లో సెప్పె. ఇంజనే లేదంట."

"ఉండాదిలేక్కా. మన సదుం బావి మాదిరే. మోటరూ ఉండాది, ఇంజనూ ఉండాది."

"తొట్టి?"

"తొట్టి కూడా."

"బిరడా నువ్వే తీస్తివా?"

"ఆయన తీసె. నేను సెప్తి."

వదిన నవ్వింది. నేను వాళ్ళను అక్కడే వదిలి, తీగ తీసుకుని ఇంట్లోకి పోయినాను. తిరుగు ప్రయాణానికి తొట్టి నింపుకోవాలి కదా. గ్రైండరుకు పెట్టే పెద్ద ప్లగ్గు కిటికీ పక్కనే ఉంది. తీగ చక్కగా అందింది. తగిలించినాను. డబ్బాలో లైటు ఎర్రగా మిణుకు మిణుకుమంది. తీసి మళ్ళీ పెట్టినాను. ఎర్రగానే ఉంది.

కిటికీలోనుంచి తల బయట పెట్టి, "ఏమ్మే, ఈడ కూడా ఎర్తు లేదు. పోయేటప్పుడు ఇంటిదాకా ఇంజనే," అన్నాను.

ఆమె తల తిప్పలేదు. తిప్పే వీలు కూడా లేదు, మొగం ఇంకా అక్క చేతుల్లోనే ఉంది.

"పోయేటప్పుడు మొగం ఎట్లుంటే ఏమండీ," అంది.